రెండోసారికి మార్కులు వేయమ్మా

అమ్మాయ్,

మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్, అదే పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసే గది, నీకు అప్పగించారని, తొమ్మిదో తరగతి పిల్లల ఇంజనీరింగ్ నైపుణ్యానికి మార్కులు ఎలా వేయాలో తోచడం లేదని రాశావు.

ముందు నేను చేసిన తప్పు విను. ఒకసారి సైన్స్ ఫెయిర్‌కి, ట్యాంకు నిండితే మోగే అలారాలు రెండు వచ్చాయి. ఒకటి తళతళలాడుతోంది, తీగ ఒక్కటీ బయటికి కనపడదు. ఇంకోటి పాత టిఫిన్ డబ్బాలో ఉంది. మెరిసేదానికి ఫస్ట్ ప్రైజ్ ఇచ్చేశాను. తర్వాత ఆ రెండో పిల్ల నోట్‌బుక్ తిరగేశాను. వారం వాడేసరికి అలారం మూగబోయిందట. కరెంటు, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోయి, నీళ్లలో మునిగే రాగి తీగ కొసకు పచ్చటి చిలుం పట్టిందని కనిపెట్టింది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు నీళ్లలోంచి పారితే ప్లస్ వైపు రాగిని తినేస్తుంది కదా. రాగి తీసేసి రెండు స్టీలు చెంచాలు కట్టింది. ఇంజనీరింగ్ అంటే అదేనమ్మా. నేను గుర్తించలేదు, ఆ బాధ నాకింకా ఉంది.

అందుకే ఇరవై మార్కులుంటే పది రెండో ప్రయత్నానికే పెట్టు. ఏం చెడింది, ఎలా కనుక్కున్నారు, ఏం మార్చారు, అన్నీ నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి. కొట్టివేతలు ఉండనీ, పేజీ మాత్రం చింపకూడదు. పని మొత్తం ల్యాబ్‌లోనే జరగాలి. ఇంటికి పంపావా, నాన్నలు చేసేస్తారు.

ఒక్క సరైన జవాబు లేని ప్రశ్నలు అడుగు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు వోల్టులు తీసుకునే ఎర్ర ఎల్ఈడీ, ఇరవై మిల్లీ ఆంపియర్ల కరెంటు. కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్ లెక్కకి 350 ఓములు వస్తుంది. డబ్బాలో ఉన్నవి 330, 390. ఏది తీస్తావు? "390 సార్, వెలుగు కాస్త తగ్గినా ఎల్ఈడీ మీద భారం తగ్గుతుంది" అన్న పిల్లాడికి కళ్లు మూసుకుని మార్కులు వేయొచ్చు. 330 తీసి, 21 మిల్లీ ఆంపియర్లే కదా అని లెక్క చూపినవాడికీ అంతే.

గ్రూపులో ఒక్కడే మాట్లాడేస్తుంటాడు. ఒక తీగ పీకేసి, మాట్లాడని పిల్లను పిలిచి తప్పు వెతకమను. జవాబు తెలుగులో చెప్పనీ, ఉర్దూలో చెప్పనీ. ఇంగ్లీషుకి ఇక్కడ మార్కుల్లేవు.

వీలైతే ఒకరోజు హైదరాబాద్ రాయదుర్గంలో కొత్త పరికరాల నమూనాలు తయారుచేసే టీ-వర్క్స్‌కి తీసుకెళ్లి యంత్రాలు చూపించు. మల్టీమీటర్లు నలుగురికి ఒకటైనా ఉండాలి. అవి కొనడానికి కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీకి వెళ్లేరోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ మామయ్య