మక్కకు తగలని మందు కందిని ఎందుకు ఎండబెట్టింది?

ప్రశ్న: మక్క సాళ్ల మధ్య కంది విత్తి, మర్నాడు అట్రజిన్ అనే కలుపు మందు పిచికారీ చేశాము. మక్క పచ్చగానే ఉంది. కంది మాత్రం మొలిచి, ఆకులు విచ్చుకున్నాక అంచుల నుంచి పసుపెక్కి ఎండిపోయింది. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ల రవాణాను ఈ మందు ఆపుతుందని కళాశాలలో చెప్పారు. అలాగైతే మక్కలో ఎందుకు ఆపలేదు?
– డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీకు చెప్పింది సరైనదే. మక్క ఆకు నుంచి హరితరేణువులను వేరుచేసి వాటికి అట్రజిన్ కలిపితే అవి కూడా పని మానేస్తాయి. కాబట్టి తేడా ఎలక్ట్రాన్ల దారిలో లేదు. మందు ఆ దారిదాకా చేరడంలో ఉంది.

హరితరేణువు లోపలి థైలకాయిడ్ పొరలో, రెండో కాంతివ్యవస్థ (వెలుతురును పట్టే ప్రోటీన్ల సముదాయం)లోని పత్రహరితం వెలుతురును గ్రహించి ఒక ఎలక్ట్రాన్‌ను వదులుతుంది. ఆ లోటును నీరు పూడుస్తుంది: నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఉన్న చిన్న గుచ్ఛం రెండు నీటి అణువులను విడగొట్టి నాలుగు ఎలక్ట్రాన్లను, నాలుగు ప్రోటాన్లను, ఒక ఆక్సిజన్ అణువును ఇస్తుంది. మనం పీల్చే ఆక్సిజన్ ఇదే. బయటపడిన ఎలక్ట్రాన్లను డి1 అనే ప్రోటీన్‌లోని ఒక గుంటలో కూర్చున్న ప్లాస్టోక్వినోన్ అనే వాహక అణువు రెండేసి చొప్పున అందుకొని సైటోక్రోమ్ సముదాయానికి చేరుస్తుంది. అక్కడి నుంచి అవి రాగి ఉన్న ప్లాస్టోసయానిన్ మీదుగా మొదటి కాంతివ్యవస్థకు వెళ్లి, మరోసారి వెలుతురు బలం పొంది, చివరకు ఎన్ఏడీపీహెచ్ అనే, ఎలక్ట్రాన్లను మోసే అణువులో నిలుస్తాయి. ఈ ప్రయాణంలో థైలకాయిడ్ లోపల ప్రోటాన్లు పోగవుతాయి. కట్ట వెనుక నిండిన చెరువు నీరు తూము గుండా దూకినట్లు అవి ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా బయటకు వస్తూ దాన్ని తిప్పి, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారు చేయిస్తాయి. 1961లో పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త ఈ సూత్రాన్ని ప్రతిపాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అట్రజిన్ చేసేది ఒక్కటే: డి1లో ప్లాస్టోక్వినోన్ కూర్చోవలసిన గుంటలో తాను కూర్చుంటుంది. అయితే మీ కంది ఆకలితో చనిపోయిందనుకోవద్దు. ఎలక్ట్రాన్లు ముందుకు కదలకపోయినా ఎండ ఆగదు, పత్రహరితం వెలుతురును గ్రహిస్తూనే ఉంటుంది. ఖర్చు కాని ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు సోకి, దాన్ని కణపు పొరలను ఛిద్రం చేసే తీవ్రరూపంగా మారుస్తుంది. మొలక గింజలోని నిల్వతో పైకి వచ్చి, ఆకు విప్పి ఎండను అందుకున్న తర్వాతే మాడిపోవడానికి కారణం ఇదే. వేళ్ల ద్వారా నీటితో పాటు వచ్చిన మందు ఆకు అంచుల్లో ఎక్కువగా చేరుతుంది కనుక పసుపు అక్కడే మొదలవుతుంది.

మక్కలో గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము అట్రజిన్‌ను గ్లూటాథయోన్ అణువుతో జతచేసి, ఆ గుంటలో ఇమడని పదార్థంగా మార్చేస్తుంది. కందికి ఈ పని తగినంత వేగంగా చేతకాదు. కొన్ని కలుపు మొక్కలు మరో దారి పట్టాయి: డి1లో 264వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు గ్లైసీన్ వస్తే చాలు, మందు గుంటలో నిలవదు. అమెరికాలో ఇలాంటి నిరోధక కలుపును 1970లోనే గుర్తించారు. ఏటా అదే మందు కొట్టే రైతులు దీన్ని తప్పక గమనించాలి.

ఇక మీ చేను సంగతి. అట్రజిన్ నేలలో వారాలు, కొన్నిచోట్ల నెలల తరబడి నిలుస్తుంది. అందువల్ల ఈ వానాకాలం అదే సాళ్లలో కంది మళ్లీ విత్తకండి. వచ్చే ఏడు పప్పుజాతి అంతరపంట ఉన్న మక్కకు, కణవిభజనను అడ్డుకొని మొలకెత్తే కలుపును చంపే పెండిమిథాలిన్ వంటి మందును, మోతాదు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ)ని అడిగి తెలుసుకొని, విత్తిన వెంటనే తడి నేలపై వాడండి.