సుఖాంతాన్ని లెక్క అడుగు: ఒక కొత్త సమీక్షకుడికి ఉత్తరం

విజయనగరం

బాబూ,

ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద వచ్చిన ఆ ఇంగ్లీషు నవలకి నువ్వు రాసిన సమీక్ష అందింది. వాక్యం నీ చెప్పుచేతల్లో ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరమంతా తీరుబడిగా దెబ్బలాడుకోవచ్చు.

"సాహసం", "ధైర్యంగా చిత్రించారు", "నిర్భయమైన కలం" లాంటివన్నీ ముందు కొట్టెయ్. బేకరీ కుర్రాడికీ లాయరుకీ ప్రేమ కుదిర్చిన ఆ రచయిత్రి అమెరికాలో కూచుని, అక్కడి పుస్తకాల షాపుల్లో ఇలాంటివాటికి ప్రత్యేకంగా అరలు పెట్టిన రోజుల్లో రాసింది. ఆవిడకి ధైర్యంతో పనేముంది? నరసన్నపేటలో కూచుని దాని గురించి తెలుగులో రాస్తున్నవాడివి నువ్వు. కావలిస్తే ఆ మాట నీకు వాడతాను. పైగా "ధైర్యం" అని మెచ్చుకున్నప్పుడు దాని వెనకాల కాస్త జాలి నక్కి ఉంటుంది, పాపం వీళ్ళ గురించి కూడా ఎవరో రాశారే అని. ప్రేమనవల కొనుక్కున్నవాడికి జాలి అక్కర్లేదు. వాళ్ళిద్దరూ ఎప్పుడు కలుస్తారా అని లైటు ఆర్పకుండా చదివావా, నాలుగో అధ్యాయానికే ఆవలించావా? సమీక్ష మొత్తంలో ఆ ఒక్క సంగతీ లేదు.

ఇంక అసలు తగువు. "చివర ఇద్దరూ హాయిగా ఒకటవడం వాస్తవానికి దూరం" అని తేల్చేశావు. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో రొమాన్స్ అంటే ఒక ఒప్పందం. కథకి నడుమ ప్రేమే ఉండాలి, ముగింపు ఆశతో, తృప్తితో ఉండాలి. పెళ్ళే కానక్కర్లేదు, "ప్రస్తుతానికి సుఖంగా ఉన్నారు" అన్నా చాలు. డిటెక్టివ్ నవల్లో హంతకుడు దొరికిపోయాడని ఎవరైనా తప్పు పడతారా? ఎలా దొరికాడన్నదే మన ప్రశ్న.

మగవాళ్ళిద్దరి కథకి ఆ ముగింపు ఊరికే రాలేదు. ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913-14లో 'మారిస్' అనే నవల రాశాడు. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుని, చివరికి కలిసే ఉండిపోతారు. రాసి సొరుగులో పెట్టేశాడు. 1970లో ఆయన పోయాక, 1971లో గాని అది అచ్చవలేదు. దానికి ఆయనే తరవాత రాసుకున్న ఒక వివరణ ఉంది. సుఖాంతం చెయ్యాల్సిందేనని ముందే నిశ్చయించుకున్నాడట. కుర్రాడు ఉరికి వేలాడినట్టో, ఇద్దరూ కలిసి చచ్చిపోయినట్టో ముగిస్తే పేచీ ఉండేది కాదనీ, శిక్ష పడకుండా తప్పించుకుపోవడమే అసలు నేరంగా కనిపిస్తుందనీ అంటాడు. ఇంగ్లండులో మగవాళ్ళ మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది 1967లో. అంటే చావు రాస్తే అచ్చుకి దారి, బతుకు రాస్తే సొరుగు. ఇది తెలిశాక "వాస్తవానికి దూరం" అన్న నీ వాక్యం మళ్ళీ చదువుకో. ఎవరి వాస్తవం?

అలాగని సుఖాంతం కనపడగానే దణ్ణం పెట్టమనను. దాన్ని లెక్క అడుగు. ఆ ముగింపుకి పుస్తకం ఏం ఖర్చు పెట్టింది? నువ్వు పట్టించుకోకుండా దాటేసిన ఒక చోటు ఉంది. లాయరు రెండోసారో మూడోసారో ఆ బేకరీ కుర్రాడి ఇంటికి వస్తాడు. టీ కాచుకోడానికి లేచి, పంచదార ఎక్కడుందని అడక్కుండా సరైన అలమరే తెరుస్తాడు. కుర్రాడు అది చూస్తాడు, ఏమీ అనడు. రచయిత్రి కూడా ఏమీ అనదు, పేరా మారిపోతుంది. చివరి అధ్యాయంలో లాయరు పెట్టెతో వచ్చేస్తే మనం నమ్మామంటే ఈ అలమర వల్లే. మరి మూడొంతులయ్యేసరికి కథ అడ్డం తిరిగి ఇద్దరూ విడిపోతారు చూడు, అది మాత్రం తేలిపోయింది. ఒక్క ఫోను చేస్తే తీరిపోయే చిక్కుకి అరవై పేజీల ఏడుపు. ఈ రకం నవలల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. ఇలాంటివి రాయి. "పాత్ర చిత్రణ బాగుంది" అంటే ఎవరికీ ఏమీ అందదు.

అచ్చయిన సంవత్సరం కూడా చూసుకో. అమెరికాలో ఇలాంటి పెళ్ళిళ్ళు దేశమంతటా చెల్లుతాయని కోర్టు చెప్పింది 2015 జూన్‌లో. ఆ తరవాతి నవల చివర పెళ్ళి పందిరి కనిపిస్తే అది మామూలు ముగింపు, అంతకు పదేళ్ళ ముందు కనిపిస్తే ఇంకో లెక్క. మన దేశం కథలైతే మరీ జాగ్రత్త. ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్‌ని ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించింది, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ బిగించింది, 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు ఇష్టపడ్డ పెద్దవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదంది. 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు. కాబట్టి మన రచయిత చివరి పేజీలో సప్తపది తొక్కించినా దానికి రిజిస్ట్రారు సంతకం దొరకదు. మరి సుఖాంతం దేంతో చెయ్యాలి? 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింటు ఖాతా తెరుచుకోడానికీ, ఒకరినొకరు నామినీగా రాసుకోడానికీ ఏ అడ్డూ లేదని స్పష్టం చేసింది. నన్నడిగితే బ్యాంకు కౌంటరు ముందు నామినీ కాలమ్ నింపుతూ, "సంబంధం" అన్న గడి దగ్గర కలం ఆపిన మనిషి ఒక్కడు చాలు, ఎన్ని ముద్దులూ దానికి సరిపోవు. అలాంటి నవల తెలుగులో ఎవరైనా రాస్తే ముందు నాకు పంపు.

ప్రతి గే కథా గే రొమాన్స్ కాదన్నది మర్చిపోకు. వసుధేంద్ర కన్నడంలో 2013లో తెచ్చిన 'మోహనస్వామి' కథలు గొప్పవి, కానీ అవి ఈ ఒప్పందం మీద రాసినవి కావు. వాటిని దీని కొలతతో కొలవకు, దీన్ని వాటి కొలతతో కొలిచి చులకన చెయ్యకు. మన దగ్గర ఈ చులకన పాతదే. వారపత్రికల్లో సీరియళ్ళు చదివే ఆడవాళ్ళని చూసి, "కారున్న హీరో, అలిగే హీరోయిన్" అని నవ్విన విమర్శకుల్లో ఎంతమంది ఆ నవలలు కడదాకా చదివారో నాకు అనుమానమే. ఆ సీరియళ్ళని నడిపింది ఆస్తి తేడా. ఇక్కడ ఇద్దరూ మగవాళ్ళే గనక ఎవరు అడగాలి, ఎవరు తగ్గాలి అన్నది ముందే రాసిపెట్టి లేదు. రచయిత వేరే ఎత్తుపల్లాలు వెతుక్కోవాలి. ఒకడి సంగతి లోకానికి తెలుసు, రెండోవాడిది తల్లికి కూడా తెలీదు. ఒకడు పేరున్న ఆటగాడు, ఇంకొకడు వాడి ఫిజియో. ఆ ఎత్తుపల్లం ఎక్కడుందో కనిపెట్టావంటే సగం సమీక్ష అయిపోయినట్టే.

మన పాఠకుడికి నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతి ఒకటి ఉంది. ఆ నవల్లో ఇద్దరూ వీధిలో చెయ్యి పట్టుకునే ఘట్టానికి రచయిత్రి ఒక అధ్యాయం ఇచ్చింది. మన విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో, మీ శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో సాయంత్రం నిలబడు. భుజం మీద చెయ్యేసుకుని, చిటికెన వేలు పట్టుకుని నడిచే కుర్రాళ్ళు కావలసినంతమంది. ఎవరూ తల తిప్పి చూడరు. ఇద్దరు మగాళ్ళు ఒక గది అద్దెకి తీసుకుంటే ఇంటాయన పొగ తాగుతారా, మందు తాగుతారా అంటాడంతే. ముప్ఫై దాటాక మొదలవుతుంది. "ఏటి బాబూ, ఇంకా సంబంధాలు కుదర్లేదా?" మన దగ్గర గోడ అక్కడ లేస్తుంది. అందుకే ఆ చెయ్యి పట్టుకునే అధ్యాయం మనవాళ్ళకి "ఇందులో ఏముంది" అనిపిస్తుంది. అక్కడ అదెందుకు అంత బరువో రెండు వాక్యాల్లో చెప్పడం నీ పని. నువ్వేమో దాన్ని "సాగదీత" అని కొట్టిపారేశావు.

పడకగది సన్నివేశాల దగ్గర నీ కలం తెగ నీళ్ళు నమిలింది. "కొన్ని అభ్యంతరకర ఘట్టాలు" అంటే ఎవరికి అభ్యంతరం? ఎంత విప్పి రాశారో ఒక్క మాటలో చెప్పెయ్, చదివేవాడు తనకి తానే నిర్ణయించుకుంటాడు. ఆ రాత్రి గడిచాక వాళ్ళ మధ్య ఏమైనా మారిందా, ఒకడు భయం వదిలాడా, ఇంకొకడు అబద్ధమాడాడా అన్నది చూడు. ఆ పేజీలు తిప్పేసినా కథ కుంటుపడకపోతే అదే రాయి. ఇకిలింపూ వద్దు, నీతిబోధా వద్దు. మన సినిమాల్లో ఇలాంటి పాత్ర నడక చూపించి హాలంతా నవ్వించే అలవాటు మనకెంత ఒంటబట్టిందో, నీ సమీక్షలో "సుకుమారంగా ఉండే" అన్న విశేషణం చూస్తే తెలుస్తోంది. ఆ బేకరీ కుర్రాడు మైదా బస్తాలు మోస్తాడు నాయనా.

"ఇద్దరూ కలుస్తారు" అని చెప్పేస్తే గుట్టు బయటపెట్టినట్టు కాదు, అట్ట చూస్తేనే తెలుస్తుంది. ఎందుకు విడిపోయారో మాత్రం చెప్పకు.

రచయిత్రి గురించి నువ్వు రాసిన పేరా మొత్తం తీసెయ్యమంటున్నాను. "పెళ్ళయిన స్త్రీకి ఈ జీవితం ఏం తెలుసు" అని అడిగావు. ఈ రకం రచనలో మొదట్నుంచీ ఆడవాళ్ళ చెయ్యి పెద్దదే. 1970లలో అమెరికాలో 'స్టార్ ట్రెక్' అనే టీవీ సీరియల్ అభిమానులు అందులోని మగ పాత్రలు కిర్క్‌కీ స్పాక్‌కీ ప్రేమకథలు అల్లి చేతి పత్రికల్లో పంచుకున్నారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. జపాన్‌లో కుర్రాళ్ళ ప్రేమని బొమ్మల కథలుగా ఆ దశకంలోనే అమ్మాయిల పత్రికలకి తెచ్చింది కూడా రచయిత్రులే. పుస్తకంలో మగవాళ్ళు మనుషుల్లా కాక షోకేసు బొమ్మల్లా ఉన్నారనుకో, ఫలానా పేజీ చూపించి దులిపెయ్. ఇంటి గుమ్మం దాకా వెళ్ళకు. బెకీ ఆల్బర్టాలి అని, 2015లో ఒక గే కుర్రాడి మీద నవల రాసి బాగా పేరు తెచ్చుకుంది. భర్తా పిల్లలూ ఉన్నావిడ, నీకేం తెలుసని ఏళ్ళ తరబడి సాధించారు. 2020 ఆగస్టులో తాను బైసెక్సువల్‌నని, అంటే ఆడా మగా ఇద్దరి మీదా మనసు పోయే మనిషినని, చెప్పుకోవలసి వచ్చింది, అదీ తన ఇష్టప్రకారం కాదని ఆవిడే రాసింది. ఒక మనిషి నోటి నుంచి అలా మాట లాగడం సమీక్ష పని కాదు.

అదే మర్యాద నీకూ వర్తిస్తుంది. నువ్వెవరివో, ఈ పుస్తకాలు ఎందుకు చదువుతావో నేను అడగలేదు, అడగను. అచ్చుకి పంపేటప్పుడు ఎవరైనా అడిగితే "చదివాను, నచ్చింది, రాశాను" అను, చాలు. కలంపేరు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో. మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని నీ ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. దాని సంగతి ఉత్తరంలో కాదు, ఎప్పుడైనా ఇంటికొస్తే మాట్లాడుకుందాం.

శ్రీకాకుళంలో కథానిలయం, ఆ తెలుగు కథల లైబ్రరీ, నీకు బస్సు దూరమే. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెరిచిన చోటది, పాత పత్రికలు కావలసినన్ని ఉంటాయి. ఒక ఆదివారం అక్కడ కూచుని మనవాళ్ళు ప్రేమనవలల మీద రాసిన పాత సమీక్షలు తిరగెయ్యి. ఎక్కడ వెటకారం చేశారో, ఎక్కడ నిజంగా చదివారో నీకే తెలిసిపోతుంది.

తిరగరాసినప్పుడు కథా సంగ్రహం ఒక్క పేరా దాటనివ్వకు. పంచదార ఘట్టాన్ని నీ మాటల్లో రాయి, నావి ఎత్తుకోకు. పేజీ నంబరు వెయ్యి. దీపావళి సంచికకి పంపుదామంటే పదిహేను రోజుల్లో నాకు చేరాలి.

ఉంటాను,
మీ అక్క