మనాలి చలికి గేర్ ఆయిల్: 75 అంకె కన్నా ముందు జీఎల్ చూడండి

జనవరిలో తిరుపతి నుంచి మనాలికి సొంత కార్లో వెళ్తున్నామని, షెడ్డులో 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ చాలంటున్నారని, తెలిసినవాళ్లేమో 75డబ్ల్యూ-90 పోయించమంటున్నారని, ఏది పోయించాలో చెప్పమని మీరు అడిగారు. కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం ఒప్పుకుంటే 75డబ్ల్యూ-90 పోయించండి. అయితే అంతకన్నా ముందు డబ్బా మీద జీఎల్-4 అని ఉందో లేదో చూడండి (జీఎల్ అంటే ఆయిల్ ఎంత బరువు పనికి పనికొస్తుందో చెప్పే గ్రేడు). నేను చూడలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మాది చిత్తూరు. ఉద్యోగరీత్యా సిమ్లాలో రెండు చలికాలాలు గడిపాను. ఏపీ 03 నంబరున్న పాత హ్యాచ్‌బ్యాక్‌ను వెంట తీసుకెళ్లాను. బయలుదేరే ముందు ఊళ్లోనే ఒక షెడ్డులో గేర్ ఆయిల్ మార్పించాను. పక్కన లారీ క్రౌన్‌కు (వెనక ఇరుసు మధ్యలో ఉండే పెద్ద పళ్ల చక్రం) పోస్తున్న డబ్బాలోంచే నా బండికీ పోశాడు. ఇదేం ఆయిలప్పా అంటే, "తొంభై ఆయిల్ సార్, అన్ని బండ్లకూ ఇదే పోస్తాండాం" అన్నాడు. అది జీఎల్-5.

మొదటి చలికాలం పొద్దున పూట గేరు బిగుసుకునేది, చలికి మామూలేలే అనుకున్నా. రెండో ఏడు ఫస్ట్ నుంచి సెకండ్‌కు వేస్తే కర్రుమని చప్పుడు. అక్కడి మెకానిక్ ఆయిల్ దించి, బేసిన్‌ను ఎండలోకి జరిపి అటూ ఇటూ ఊపాడు. నల్లటి ఆయిల్లో బంగారు రజను తేలినట్టు మెరిసింది. "పీతల్" అన్నాడు. ఇత్తడి. నా సింక్రో రింగులు అరిగి ఆ బేసిన్‌లో ఉన్నాయన్నమాట.

గేరు మార్చేటప్పుడు ఇత్తడి రింగు వెళ్లి గేరు కోన్‌ను ఒరుసుకుంటుంది, ఆ రాపిడితోనే రెండింటి వేగం ఒకటై గేరు మెత్తగా పడుతుంది. మధ్యలో ఉన్న ఆయిల్‌ను రింగులోని సన్నటి గాట్లు పక్కకు తోసేయాలి. చలికి ఆయిల్ ఆముదంలా చిక్కబడితే ఆ తోయడం ఆలస్యమవుతుంది, మీ చేతికి గేర్ లివర్ బరువుగా తగులుతుంది. ఇక జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు జీఎల్-4 కన్నా దాదాపు రెట్టింపు ఉంటాయి. లారీ క్రౌన్ పళ్లకు అవి కావాలి. ఇత్తడికి మాత్రం పడవు, పైగా రింగు పట్టు జారిపోతుంది. అది చెడ్డ ఆయిల్ అని నేననను, నా గేర్‌బాక్స్‌లో దానికి పని లేదు.

ఇప్పుడు మీ అంకెల సంగతి. 75డబ్ల్యూ ఆయిల్‌కు పరీక్ష మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూకు మైనస్ 26 దగ్గర. మనాలిలో మైనస్ 26 ఎక్కడుందని మీ షెడ్డాయన అంటాడు, నిజమే. కానీ ఆ పరీక్ష ఆ చలిలో కూడా బేరింగులకు ఆయిల్ అందుతుందా అని చూసేది, గేరు హాయిగా పడుతుందా అని కాదు. సున్నా దగ్గరే రెండింటికీ తేడా చేతికి తెలుస్తుంది. నాకు జీఎల్-4 75డబ్ల్యూ-90 పోశాక మర్నాటి నుంచే లివర్ తేలికైంది. సెకండ్‌లో చప్పుడు మాత్రం పోలేదు, అరిగిన రింగును ఏ ఆయిలూ పెంచదు కదా. తిరిగొచ్చాక గేర్‌బాక్స్ విప్పించాల్సి వచ్చింది.

వెనకున్న 90 అనేది 100 డిగ్రీల వేడి మీద కొలిచే చిక్కదనం. రెండు ఆయిళ్లకూ అది ఒకటే కాబట్టి తిరిగొచ్చి తిరుమల ఘాట్ రోడ్డులో సెకండ్ గేర్ మీద దిగినా ఇబ్బంది లేదు, మళ్లీ మార్చక్కర్లేదు. మాన్యువల్‌లో 75డబ్ల్యూ-80 అని ఉంటే మాత్రం అదే పోయించండి. హోండా లాంటివాళ్లు సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కు కంపెనీ ఇచ్చే ఆయిల్) చెప్తారు, అక్కడ మన తెలివి వద్దు. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ చలికి ఈ హైరానా ఏదీ అక్కర్లేదు, ఉన్న ఆయిలే చాలు.

మార్చేటప్పుడు దగ్గరుండండి. దించే బోల్టు కన్నా ముందు పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడమనండి. అది పట్టేసి ఉంటే, ఆయిలంతా దించేశాక కొత్తది పోయడానికి దారి ఉండదు. పైన బోల్టు వదులైతేనే కింద చెయ్యి పెట్టాలి. దించే బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది, అది మామూలే. పలుకులు చేతికి తగిలితే మనాలి ప్రయాణం ఆపి గేర్‌బాక్స్ చూపించండి. చిన్న కార్లకు రెండు లీటర్లు, అటూ ఇటూ పడుతుంది. చాలా బండ్లలో లెవెల్ గుర్తు పోసే రంధ్రమే, బండి సమంగా నిలిపి అక్కడి నుంచి కారేదాకా పోయాలి. జాకీ ఒకవైపే ఎత్తి పోస్తే లెక్క తప్పుతుంది.

అక్కడ పొద్దున్నే స్టార్ట్ చేశాక న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీద నుంచి కాలు తీసేయండి. క్లచ్ వదిలితేనే లోపలి షాఫ్టు తిరిగి ఆయిల్ కదులుతుంది. రెండు నిమిషాలు చాలు. అసలు వేడి బండి కదిలాకే పుడుతుంది, మొదటి రెండు మూడు కిలోమీటర్లు గేర్లను తొందరపెట్టకండి. రాత్రి పార్కింగ్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, తడి ఉంటే గడ్డకట్టి పట్టేస్తుంది. ఫస్ట్ గేర్‌లో వదిలి, చక్రం కింద రాయి పెట్టండి. రాయి తీయకుండా బండి కదిపి బంపర్ గీసుకున్నవాణ్ణి నేను.