నీ పులులకు కూడెక్కడిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. మాట్లాడే పులులనూ, వాటి రాజధానినీ, వారసత్వపు తగాదాలనూ నీవు ఎంతో శ్రద్ధగా కట్టుకొచ్చావు. అయితే మూడువందల పుటల్లో ఒక్క పులికైనా ఆకలి వేయలేదు. నీవు వర్ణించిన వేటలన్నీ మొదటి దెబ్బకే ఫలించాయి. ఈ ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను, ఎందుకంటే తిండి సంగతి తేలకుండా ఆ లోకంలోని న్యాయమూ, స్నేహమూ, రాజ్యమూ ఏవీ నిలబడవని నా నమ్మకం.

ముందు లెక్క చూడు. ఎదిగిన పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను, అంటే వారానికొక దుప్పినో కణితినో అడవిపందినో, చంపి తింటుంది. అలా తింటున్నా మంద తరిగిపోకుండా ఉండాలంటే ఒక్కొక్క పులికి అలాంటి జంతువులు దాదాపు 500 ఉండాలని వన్యప్రాణి శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. నీ రాజధానిలోనే వెయ్యి పులులున్నాయి. 2022 నాటి గణనలో మన దేశం మొత్తానికీ తేలిన సగటు అంచనా 3,682 మాత్రమే. నీ వెయ్యింటికీ ఏడాదికి 50,000 జంతువులు కావాలి, వాటి వెనుక ఐదు లక్షల మంద ఉండాలి, ఆ మందకు గడ్డీ నీరూ ఉండాలి. మందను కాసేదెవరు? కాపలా పులి ఆకలికి తాళలేక దొంగతనంగా ఒకదాన్ని తింటే దానికి శిక్ష ఏమిటి? కరువు ఏడాది ఎవరి వంతు ముందు తెగ్గోస్తారు? వీటికి జవాబులు వెతుకుతూ పోతే, నీవు కుట్రలు పన్ని పన్ని కల్పించిన రాజకీయం కంటే గట్టిది నీ చేతికి దొరుకుతుంది. లేదంటే రాజధానినే వదిలిపెట్టి, నల్లమలలో ఉన్నట్టే పులులను దూరదూరంగా ఉంచి, మూత్రపు వాసనతో, చెట్టు బెరడు మీది గోటి గీతలతో కబురు తెలుపుకోనివ్వు. నాకు ఈ రెండో దారే నచ్చుతుంది.

ఇక వేట. పులి బలమంతా చాటుగా దగ్గరకు చేరడంలో ఉంది. ఒకసారి కంటపడ్డాక చాలాదూరం తరుముకుంటూ పోయే ఊపిరి దానికి లేదు. చెట్టు మీది కొండముచ్చు ఒక్కసారి దగ్గినట్టు అరిచిందంటే దుప్పులన్నీ తలలెత్తుతాయి, గంటసేపు పాకి సాధించిన దూరం వృథా అవుతుంది. ఎక్కువసార్లు జరిగేది అదే. దీన్ని చూడడానికి నీవు అడవికి పోనక్కరలేదు. మా పెరట్లో పిల్లి ఉడుత కోసం గోడ వారన పొట్ట నేలకానించి పడుకోవడం ఎన్నో సాయంత్రాలు చూశాను. ఒళ్ళంతా రాయిలా ఉంటుంది, తోక చివర ఒక్కటే అదురుతూ ఉంటుంది, దూకే ముందు వెనక కాళ్ళు రెండూ చోటు సరిచూసుకుంటున్నట్టు మెల్లగా కదులుతాయి. ఉడుత తప్పించుకున్నాక పిల్లి ఏమీ జరగనట్టు కూర్చుని ముంగాలు నాకుతుంది. ఆ నాకడం నీ పులి చేత చేయించు. అది మాట్లాడగలిగిన పులి కనుక, ఆ క్షణంలో ఎవరితోనూ మాట్లాడదని రాయి.

వేట దొరికిన మరుక్షణమే నీవు విందు పెట్టావు. పులి చంపినదాన్ని పొదల్లోకి ఈడ్చుకుపోయి, సాధారణంగా వెనక తొడల దగ్గర తినడం మొదలుపెట్టి, మిగిలినదాని మీద ఆకులూ మట్టీ గీకి కప్పి, దగ్గరలోనే పడుకుని, మూడు నాలుగు రోజులు దాన్నే తింటుంది. మూడో రోజు మాంసం వాసనా, దాని మీది ఈగలూ నీ కథలోకి రావాలి. నీ యువరాజు తేనె నాకి పరవశించిన వాక్యం కొట్టివేయి: పిల్లి జాతికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు వాటిలో పాడైపోయిందని 2005లో పెంపుడు పిల్లితోపాటు పులినీ, చీటానూ పరీక్షించి తేల్చారు. అలాగే విందులో వరుసగా కూర్చుని పంచుకుతినడం పులుల నడవడి కాదు, రేచుకుక్కలది. అవి గుంపుగా వేటాడతాయి, చంపిన చోట పిల్లలను ముందు తిననిస్తాయి, బొరియ దగ్గరున్న కూనలు మూతి నాకితే తిన్నదాన్ని కక్కి పెడతాయి. వాటికి మాటలుంటే ‘అమ్మ’ అనే మాట ఆ నాకడం నుంచే పుట్టి ఉండేది.

అన్నిటికంటే కష్టమైనది చివరకు ఉంచాను. అయిదో అధ్యాయంలో నీ దుప్పి ‘నన్ను చంపకు’ అని వేడుకుంటుంది, తొమ్మిదో అధ్యాయానికి దుప్పులన్నీ మూగవైపోయాయి. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఆవు తన పసిదూడకు పాలిచ్చి వస్తానని పులిని అడిగినప్పుడు మన గుండె పట్టేసేది, ఆవుకు మాటలున్నట్టే పులికి ఆకలీ ఉన్నందువల్ల. ఎర మాట్లాడితే ప్రతి భోజనం వెనుకా ఒక హత్య ఉంటుంది. దాన్ని నీ పులులు ఎలా మోస్తాయో నీవే తేల్చుకోవాలి. దుప్పులకు భాష ఉందనీ, దాన్ని నేర్వకూడదని పులులు తమ పిల్లలకు కట్టడి పెట్టాయనీ అనుకుని చూడు.

దుప్పుల అరుపును అనుకరిస్తూ ఆడుకునే కూన ఒకటి నీ రెండో అధ్యాయంలో ఉంది, తరువాత దాన్ని మరిచిపోయావు. అది మొదటిసారి వేటకు వెళ్ళే రోజు రాసి నాకు పంపు. ఆ రోజుకు దాని తల్లి తిండి తిని నాలుగు రోజులై ఉండాలి.

ఆశీస్సులతో.