లేసు చరిత్ర రాస్తున్న చెల్లెకు

సిరోంచ

చెల్లెకు ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. నాయనమ్మ కూర్చుని అల్లే తీరు రాసిన భాగం చాలా నచ్చింది. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. '1844లో మెక్రే దంపతులు దుమ్ముగూడెంలో లేసు పని నేర్పారు' అని అనుమానమే లేనట్టు రాసేశావు. ఆ మాట చాలా చోట్ల అచ్చయింది, నిజమే. అయితే వాళ్లది ఐర్లాండ్ అని ఒకరంటే, స్కాట్లాండ్ అని ఇంకొకరంటారు. కొందరు దుమ్ముగూడెం అంటే, కొందరు సరాసరి నరసాపురం అంటారు. పదిమంది రాశారని పది సాక్ష్యాలు ఉన్నట్టు అనుకోకు. ఒకరి మాటనే తొమ్మిదిమంది ఎత్తి రాసుకుని ఉండొచ్చు.

ముందు దుమ్ముగూడెం అప్పుడు ఎవరి ఏలుబడిలో ఉందో చూడు. 1844లో భద్రాచలం వైపు గోదావరి ఎడమ గట్టు నిజాంది. 1860లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1874లో మద్రాసు ఇలాకాలో కలిసేదాకా అది నాగపూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న మన సిరోంచే! అంటే ఆ కాలపు కాగితాల కోసం రాజమండ్రి వైపే కాక నాగపూర్ వైపూ వెతకాలి. లేసు గురించి తెలుగులో రాసేవాళ్లు ఇటు తొంగి కూడా చూడరు. నువ్వు ఇక్కడే పుట్టావు, మరాఠీ చదవగలవు. ఇది నీకే కుదిరే పని. 1870లో చార్లెస్ గ్రాంట్ వెలువరించిన సెంట్రల్ ప్రావిన్సెస్ గెజిటీర్‌తో (ఊళ్ల, జిల్లాల వివరాల పుస్తకం) మొదలుపెట్టు. లేసు మాట అందులో దొరక్కపోతే అదీ రాసుకో, కానీ దాన్నిబట్టి ఆ పనే లేదని తేల్చేయకు. రోజంతా అల్లే ఆడవాళ్లను పనివాళ్లుగా కాక ఉత్త గృహిణులుగానే లెక్కగట్టారని నరసాపురంలో పరిశోధించిన మరియా మీస్ 1982లోనే చూపించింది. లెక్కలోకే రాని మనిషి పేరు రికార్డుకెక్కడం కష్టం.

ఇక నన్ను ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న: అసలు నేర్పింది ఏ లేసు? నరసాపురంలో ఇప్పుడు అల్లేది క్రోషా, అంటే కొక్కెం సూదితో అల్లే రకం. ఐర్లాండ్‌లో క్రోషా ఇంటింటికీ పాకింది 1845లో మొదలైన కరువు రోజుల్లో, పూట గడవని ఇళ్లలో. మరి 1844కే అది గోదావరి ఒడ్డుకు చేరిందంటే ఆగి అడగాలి కదా. దక్షిణాన నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ భార్య 1820ల్లోనే ఆడపిల్లలకు లేసు నేర్పింది. అది దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న కండెలతో అల్లే రకం. మన వైపు మొదట వచ్చింది ఇదా, క్రోషానా? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న చుట్టూ నడిపినా తప్పులేదు.

మీ ఇంట్లో ఉన్న పాత ముక్కను భూతద్దం కింద పెట్టు. క్రోషా అయితే ఉచ్చులోంచి ఉచ్చు లాగినట్టు గొలుసు కనిపిస్తుంది. కొస విప్పితే వరసలు వరసలుగా ఊడొస్తుంది (నువ్వు మాత్రం లాగి చూడకు, పాతది పాడైపోతుంది). కండెల లేసులో ఆ ఉచ్చులుండవు, దారాలు ఒకదాన్నొకటి దాటుతూ మెలికలు తిరుగుతాయి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయి. ఎవరిచ్చారో, వాళ్లకు ఎవరిచ్చారో కింద రాయి.

నాయనమ్మ 'దొరసాని నేర్పింది' అన్న మాటను తేలిగ్గా తీసేయకు, అలాగని చరిత్రగానూ రాసేయకు. ఏ దొరసాని, నీకెవరు చెప్పారు అని నెమ్మదిగా అడుగు. టెన్షన్ పెట్టకు. ఆమె తన కళ్లతో చూసినవి వేరే పేజీలో పెట్టు: సూది ఎవరిచ్చారు, దారం ఎవరు తూచి పంచారు, పువ్వులు అల్లితే ఎంత, అతుకుపనికి ఎంత. వీటికి ఆమే సాక్షి. వీటిముందు ఏ గెజిటీరూ చాలదు.

దసరా అయ్యాక నాగపూర్ వెళ్తున్నాను, పాత కాగితాల కోసమే. నువ్వూ వస్తానంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ అక్క