ధ్వని సందేహాలు: ఒకచోట పగిలిపోతోంది, మరోచోట వినబడడం లేదు

ప్రశ్న: మాది విజయనగరం. ఇంట్లో ఒక చిన్న గది కేటాయించుకుని, చుట్టుపక్కల ఊళ్ల తప్పెటగుళ్ల బృందాల పాటలనూ, బొబ్బిలి వీణ వాదనలనూ రికార్డు చేస్తున్నాను. మిక్సర్ మెయిన్ అవుట్‌ను మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లతో ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పరికరం) ముందువైపు సాకెట్లకు కలిపితే, గెయిన్ (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే మీట) పూర్తిగా తగ్గించినా ఎర్రదీపం వెలుగుతూ శబ్దం పగులుతోంది. పాత హరికథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేందుకు వెనుకనున్న లైన్ ఇన్‌పుట్‌కు డెక్‌ను కలిపితే మాత్రం శబ్దం చాలా సన్నగా వస్తోంది. తరువాత పెంచితే రొద కూడా పెరుగుతోంది. ఇంటర్‌ఫేస్ పాడైందా? ప్రీఆంప్ (సన్నని శబ్ద సంకేతాన్ని పెంచే పరికరం) ఒకటి కొనమని తెలిసినవారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి ఇంటర్‌ఫేస్‌లో లోపం ఉన్నట్లు తోచడం లేదు. ప్రీఆంప్ ఇప్పుడే కొనకండి. రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: పంపే పరికరం ఇస్తున్న వోల్టేజీకీ, అందుకునే సాకెట్ ఎదురుచూసే వోల్టేజీకీ పొంతన కుదరలేదు.

స్టూడియో పరికరాల లైన్ స్థాయి (ఒక పరికరం నుంచి మరొకదానికి పంపే శబ్ద సంకేతపు బలం) ప్లస్ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. క్యాసెట్ డెక్ వంటి ఇంటి పరికరాలది మైనస్ 10 డీబీవీ, అంటే సుమారు 0.32 వోల్టు. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 12 డెసిబెళ్లు. వోల్టులలో చెప్పాలంటే ఒకటి మరొకదానికి నాలుగింతలు. ఇక మైకు నుంచి వచ్చేది సాధారణంగా కొన్ని మిల్లీవోల్టులే.

చాలా ఇంటర్‌ఫేస్‌లలో ముందువైపు సాకెట్ చూడడానికి ఒక్కటే అయినా లోపల దారులు రెండు. ఎక్స్‌ఎల్‌ఆర్ పెడితే శబ్దం మైకు ప్రీఆంప్‌లోకి వెళుతుంది. నడుమనున్న రంధ్రంలో పావు అంగుళం జాక్ పెడితే లైన్ ఇన్‌పుట్‌కు చేరుతుంది. మిల్లీవోల్టుల కోసం తయారైన ప్రీఆంప్‌లోకి మీరు వోల్టులు పంపుతున్నారు కనుకనే గెయిన్ అట్టడుగున ఉన్నా శబ్దం పగులుతోంది. అక్కడ పగిలిన శబ్దాన్ని కంప్యూటర్‌లో ఎంత తగ్గించినా తిరిగి అతికించలేము. అందువల్ల ఒకవైపు ఎక్స్‌ఎల్‌ఆర్, మరోవైపు మూడు భాగాల పావు అంగుళం జాక్ ఉన్న బ్యాలెన్స్‌డ్ (ఒకే శబ్దాన్ని రెండు తీగలలో ఒకదానికొకటి తలకిందులుగా పంపే) కేబుళ్లు తీసుకుని, ఇంటర్‌ఫేస్‌లో మైకు బదులు ‘లైన్’ ఎంచుకోండి. అంతకన్నా ముందు మైకులకు విద్యుత్తు అందించే 48 వోల్టుల ఫాంటమ్ స్విచ్ ఆపారో లేదో తప్పక చూసుకోండి. ఆ విద్యుత్తు మిక్సర్ అవుట్‌పుట్‌లోకి వెనక్కు వెళితే దానికి హాని జరగవచ్చు.

డెక్ విషయంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. వెనుక ఇన్‌పుట్ ప్లస్ 4కు అమర్చి ఉంటే, డెక్ పంపే శబ్దం దానికి నాలుగోవంతుగానే అందుతుంది. ఇంటర్‌ఫేస్ మీద గానీ దాని సాఫ్ట్‌వేర్‌లో గానీ మైనస్ 10 అనే ఎంపిక ఉంటే దానికి మార్చండి. లేకపోతే డెక్‌ను ముందువైపు లైన్ ఇన్‌పుట్‌కు కలిపి, రికార్డు చేసే ముందే అక్కడి గెయిన్‌తో కావలసినంత పెంచుకోండి. రొద ఎక్కడిదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది: కేబుళ్లు కదపకుండా టేపును ఆపి వినండి. రొద పోతే అది టేపుదే, పరికరాలు మార్చినా తగ్గదు. పోకపోతే అది డెక్‌లో గానీ ఆ తరువాతి అమరికలో గానీ పుడుతోంది. రొద కాక ‘బొయ్’మనే మోత ఆగకుండా వినిపిస్తే, డెక్‌నూ కంప్యూటర్‌నూ ఒకే ప్లగ్ బోర్డుకు కలిపి చూడండి. మోత పోతుందని ఎవరు చెప్పినా ఎర్త్ పిన్ను మాత్రం తీసివేయవద్దు, ప్రాణానికే ప్రమాదం.

తప్పెటగుళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కళాకారులు రొమ్ముకు కట్టుకున్న తప్పెట మీద వేసే దెబ్బ లిప్తపాటులో ఎగసి పడిపోతుంది; సగటు చూపే మీటరు దానిని పట్టుకోలేదు. కాబట్టి బృందం ఉద్ధృతంగా ఆడే ఘట్టాన్ని ముందుగా ఒకసారి వాయించమని అడిగి, దానికి తగినట్లు మిక్సర్ ఛానల్ గెయిన్ పెట్టుకోండి. ఇంటర్‌ఫేస్ సంగతి ఆ తరువాత. 24 బిట్లలో రికార్డు చేస్తుంటే మీటరులో సగటు మైనస్ 18 డెసిబెళ్ల దగ్గర ఉన్నా (సున్నా అంటే శబ్దం పగిలే హద్దు) ఏమీ నష్టం లేదు. వీణకు అదే గెయిన్ ఉంచకండి. దాని నాదం సున్నితం, దానికి వేరే అమరిక కావాలి.

ప్రశ్న: ఫోనులోని పాటను ఒకే కేబుల్‌తో మిక్సర్‌కు కలిపితే వాద్యాలు పలచగా వినిపిస్తున్నాయి గానీ, గాయకుని గొంతు దాదాపు మాయమవుతోంది. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీ కేబుల్ రెండు చివరలా మూడు భాగాల జాకే ఉండి ఉంటుంది. ఫోను అందులో ఎడమ, కుడి శబ్దాలను విడివిడిగా పంపుతుంది. మిక్సర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది. గొంతు సాధారణంగా రెండువైపులా సమానంగా ఉంటుంది కనుక ఆ తీసివేతలో కొట్టుకుపోతుంది. ఒక చివర ఫోను జాక్, మరో చివర రెండు మోనో జాక్‌లు ఉన్న కేబుల్ కొని, వాటిని రెండు ఛానళ్లకు కలిపి, ఒకదాని పాన్‌ను (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే మీట) ఎడమకూ మరొకదానిని కుడికీ తిప్పండి.