టికెట్టు ధర పెంచారని కాదు, స్లైడ్లు మూసి అమ్మారని అడగండి

ప్రశ్న: మాది కర్నూలు. గత మే నెలలో పిల్లల సెలవులకు నలుగురం హైదరాబాద్ శివార్లలోని ఒక వాటర్ పార్కుకు వెళ్లాం. మంగళవారం వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్దల టికెట్టు రూ.1,150 అని ఉంది. శుక్రవారం రాత్రి, మర్నాటికి కొనబోతే రూ.1,590 అయింది. డబ్బు కట్టే చివరి పేజీలో ‘సౌకర్య రుసుము’ అంటూ మరికొంత కలిపారు. మొత్తం రూ.6,000 దాటింది. తీరా వెళ్తే ఒక్కో స్లైడ్ దగ్గర గంటకు పైగా క్యూ. ప్రకటనలో చూపిన రెండు పెద్ద స్లైడ్లు మరమ్మతుల పేరుతో మూసి ఉన్నాయి. రెట్టింపు ధర పెట్టి ప్రీమియం టికెట్టు కొన్నవాళ్లు మా పక్కనుంచే ముందుకు వెళ్లిపోయారు. అలల కొలనులో కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద తోపులాటలో మా అమ్మాయి జారిపడితే మోకాలు చీరుకుపోయి, అక్కడి ప్రథమ చికిత్స గదిలో కట్టు కట్టారు. డబ్బు వాపసు ఇవ్వమంటే టికెట్టు వెనక ‘అమ్మిన టికెట్టు వాపసు తీసుకోబడదు, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న అచ్చు చూపించారు. మంచినీళ్ల సీసా కూడా లోపలికి తీసుకెళ్లనివ్వలేదు. ఇష్టమొచ్చినట్టు ధర పెంచుకునే హక్కు వాళ్లకుందా? కేసు వేయడానికి హైదరాబాద్ తిరగాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ ఉత్తరంలో కోపమంతా ధర మీదే ఉంది. మీ కేసు బలం మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన చోట ఉంది. ముందు ధర సంగతి తేల్చేస్తాను.

వాటర్ పార్కు టికెట్టుకు గరిష్ఠ ధర ఇంత అని కట్టడి చేసే చట్టం మనకు లేదు. సినిమా టికెట్ల వల్ల మనకు వేరే అలవాటు పడింది. పెద్ద హీరో సినిమా వస్తే ధర పెంచుకోవడానికి ప్రభుత్వం జీవో ఇవ్వాలి, దాని మీద ఎవరో హైకోర్టుకు వెళ్లాలి, రెండు రోజులు పత్రికల్లో రావాలి. అదంతా 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద థియేటర్లకిచ్చే లైసెన్సుల వ్యవహారం. నీళ్ల స్లైడ్లకు అలాంటి చట్టమేదీ లేదు. శనివారం ఒక ధర, మంగళవారం ఒక ధర పెట్టడం కూడా దానంతటది నేరం కాదు. రైల్వే 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో సీట్లు నిండే కొద్దీ ఛార్జీ పెంచుతూనే ఉంది. విమానాల సంగతి చెప్పనక్కర్లేదు. పైగా మీరు కట్టినదాంట్లో జీఎస్టీ కూడా ఉంది. వాటర్ పార్కు ప్రవేశానికి అది 2018 జనవరి దాకా 28 శాతం ఉండేది, అప్పుడు 18కి తగ్గించారు. మంగళవారం చూసిన ధరలో పన్ను కలిసి ఉందా, శుక్రవారం విడిగా కలిపారా అన్నది మీ బిల్లు చూసి సరిచూసుకోండి. పెంపు అనుకున్నదాంట్లో కొంత పన్నే కావచ్చు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఈ విషయంలో ఒక చిన్న కళ్లెం ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో నాలుగో నియమం, అన్యాయమైన లాభం కోసం ధరను తారుమారు చేయరాదని, ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదని అంటుంది. కానీ ధర సమంజసమా కాదా అని తేల్చేటప్పుడు ఆ వస్తువు లేదా సేవ ఎంత అత్యవసరమైనదో కూడా చూడమని ఆ నియమమే చెబుతోంది. కొలనులో అలలు అత్యవసరమని వినియోగదారుల కమిషన్ (పాత వినియోగదారుల ఫోరం) ముందు వాదించే ధైర్యం నాకైతే లేదు. ఒకే సమయంలో, ఒకే తేదీకి, మీ ఫోనులో ఒక ధర, పక్కింటివారి ఫోనులో ఇంకో ధర కనిపించి ఉంటే అది వేరే కథ. క్యాబ్ ఛార్జీల్లో ఇలాంటి ఆరోపణ వచ్చినప్పుడు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 జనవరిలో రెండు పెద్ద సంస్థలకు నోటీసులిచ్చింది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. కాబట్టి రూ.1,150కి, రూ.1,590కి మధ్య తేడాను తిరిగి ఇప్పించమని అడగవద్దు. అడిగితే అవతలి లాయరు మొత్తం కేసును ఆ తేడా చుట్టూనే తిప్పుతాడు, మిగతాదంతా వెనకబడుతుంది.

చివరి పేజీలో కలిపిన రుసుము విషయం అలా కాదు. మొదటి పేజీలో తక్కువ ధర చూపించి, పేర్లు, వయసులు, ఫోను నంబర్లు అన్నీ రాయించుకున్నాక తప్పనిసరి ఛార్జీలు ఒక్కొక్కటే బయటపెట్టడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన ‘డార్క్ ప్యాటర్న్’ మార్గదర్శకాలు డ్రిప్ ప్రైసింగ్ అని పేరు పెట్టి మరీ నిషేధించాయి. అలాంటి మోసపు ఎత్తులు మొత్తం 13 ఉన్నాయి అందులో. ‘ఇంకా మూడు టికెట్లే మిగిలాయి’ అని అబద్ధపు తొందర పెట్టడం కూడా ఒకటి. ఆ చివరి పేజీ తెరపట్టు (స్క్రీన్‌షాట్) మీ దగ్గర ఉంటే ఫిర్యాదుకు జతచేయండి. రుసుము చిన్నదే అయినా, వాళ్ల వ్యాపార పద్ధతి ఎలాంటిదో చూపించడానికి పనికొస్తుంది.

ఇక అసలు సంగతి, ఆ మూసి ఉన్న రెండు స్లైడ్లు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ‘సేవాలోపం’ అంటే ఏమిటో సెక్షన్ 2(11)లో ఉంది. పాత చట్టం నిర్వచనానికి ఇందులో కొన్ని మాటలు చేర్చారు: సంబంధిత సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. శుక్రవారం రాత్రి మీకు టికెట్టు అమ్మేటప్పుడు ఆ స్లైడ్లు మర్నాడు నడవవని వాళ్లకు తెలుసా? మరమ్మతు అప్పటికప్పుడు వచ్చిపడితే వాళ్లకు కొంత సాకు ఉంటుంది. వారం రోజులుగా సాగుతుంటే ఏ సాకూ లేదు. తెలిసి, చెప్పకుండా, వాటి బొమ్మలే ప్రకటనలో వేసి అమ్మారంటే సేవాలోపంతో పాటు తప్పుదోవ పట్టించే ప్రకటన కూడా అవుతుంది. కాబట్టి మీ మొదటి పని, ఆ స్లైడ్లు ఎప్పటినుంచి మూతపడ్డాయో కనుక్కోవడం. ఆ వారంలో వెళ్లినవాళ్లు ఇంటర్నెట్‌లో రాసిన సమీక్షలు తేదీలతో సహా వెతకండి. ‘పెద్ద స్లైడ్ మూసేశారు’ అని మీకన్నా నాలుగు రోజుల ముందు ఎవరైనా రాసి ఉంటే, మీ ఫిర్యాదుకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

రద్దీ కూడా ఇదే కోవలోకి వస్తుంది గానీ జాగ్రత్తగా చెప్పాలి. సెలవుల్లో శనివారం జనం ఉంటారని అందరికీ తెలుసు, మీకూ తెలుసు. ‘రద్దీగా ఉంది’ అంటే ఏ కమిషన్ కరగదు. ‘స్థలం పట్టేదానికంటే ఎక్కువ టికెట్లు అమ్మారు’ అంటే అది వేరు. ఆ రోజు ఎన్ని టికెట్లు అమ్మారో మీకు తెలియదు, వాళ్లకు తెలుసు. పత్రాలు తెప్పించే విషయంలో జిల్లా కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారమే ఉంది. అందుకని ఫిర్యాదుతో పాటు ఒక చిన్న దరఖాస్తు వేయండి: ఆ తేదీన అమ్మిన టికెట్ల సంఖ్య, లైసెన్సు పత్రాల్లో చూపిన సామర్థ్యం, మూసిన స్లైడ్ల మరమ్మతు రికార్డు దాఖలు చేయించాలని. వాళ్లు దాఖలు చేస్తే అంకెలు మాట్లాడతాయి. చేయకపోతే, దాచారంటే వాళ్లకు ప్రతికూలంగా ఉండబట్టే అని మీరు వాదించవచ్చు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనసమూహాల నిర్వహణపై ఒక మార్గదర్శిని వెలువరించింది. అది చట్టం కాదు. కానీ జనం చేరే చోటును నడిపేవాళ్లు సామర్థ్యం ఎంతో ముందే లెక్కగట్టుకోవాలని చెప్పే అధికారిక పత్రం కాబట్టి జతచేయడం మంచిది.

ప్రీమియం టికెట్టు గురించి మీకు ఒళ్లు మండటం సహజం. క్యూలో చెమటలు కక్కుతూ నిలబడితే నాకూ మండుతుంది. తిరుమలలో శీఘ్రదర్శనం టికెట్టును మాత్రం మనమే ముందుగా కొనుక్కుంటాం, అది వేరే విషయం. ఎక్కువ డబ్బు తీసుకుని ముందు పంపడాన్ని నిషేధించే చట్టం లేదు. అయితే మామూలు టికెట్టు అమ్మేటప్పుడు ‘అన్ని రైడ్లూ అపరిమితం’ అని రాసి, ప్రీమియం వాళ్ల కోసం మీ క్యూను నిలిపేస్తూ పోయి, రోజంతా కలిపి మీకు నాలుగు స్లైడ్లే దక్కేలా చేస్తే ఆ ‘అపరిమితం’ అన్న మాట అబద్ధమవుతుంది. మీరు ఎన్ని రైడ్లు ఎక్కగలిగారో గంటలతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. అఫిడవిట్‌లో అదే రావాలి.

టికెట్టు వెనక అచ్చు చూసి భయపడకండి. చిన్న అక్షరాల్లో ‘బాధ్యత వహించం’ అని వేసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం నుంచి ఎవరూ తప్పించుకోలేరు. ఏకపక్షంగా రాసుకున్న షరతులకు వినియోగదారుణ్ని కట్టిపడేయడం అనుచిత వ్యాపార పద్ధతేనని సుప్రీంకోర్టు 2019లో ఫ్లాట్ల కొనుగోలుదారుల కేసులో చెప్పింది. అయితే ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘ఇది అన్యాయమైన ఒప్పందం, ఆ షరతును రద్దు చేయండి’ అని ప్రార్థిస్తూ జిల్లా కమిషన్‌కు వెళతారు. అలా షరతును రద్దు చేసే అధికారాన్ని కొత్త చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. ఆరు వేల రూపాయల కేసుకు రాష్ట్ర కమిషన్ ఎందుకు? మీ ఫిర్యాదును సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు మాటల మీదే నిలపండి. షరతు ఊసు వాళ్లెత్తినప్పుడు జవాబు చెప్పవచ్చు.

అమ్మాయి దెబ్బను మీరు చిన్న విషయంలా రాశారు. నా దృష్టిలో అది చిన్నది కాదు. ప్రథమ చికిత్స గదిలో కట్టు కట్టారంటే రిజిస్టరులో పేరు, సమయం, దెబ్బ ఎలా తగిలిందో రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పేజీ నకలు కావాలని, కేసుకు ముందు పార్కుకు పంపే నోటీసులోనే అడగండి. రద్దీ వల్ల మనుషులకు దెబ్బలు తగులుతున్నాయని వాళ్ల చేతిరాతలోనే ఉన్న కాగితం అది. ఆ ఒక్క రోజు అలాంటి దెబ్బలు ఎన్ని నమోదయ్యాయో తెలిస్తే ఇంకా మంచిది. టికెట్టు మీ పేరున ఉన్నా, మీరు తీసుకెళ్లినందువల్ల పిల్లలు కూడా ఆ సేవకు లబ్ధిదారులే. మైనరు తరఫున మీరే ఫిర్యాదుదారుగా ఉండవచ్చు.

మంచినీళ్ల గురించి క్లుప్తంగా. 2023 జనవరిలో జమ్మూ కశ్మీర్ థియేటర్ల కేసులో సుప్రీంకోర్టు, బయటి తిండిని వద్దనే హక్కు యజమానికి ఉందని చెబుతూనే పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలని, పసిపిల్లల ఆహారానికి అభ్యంతరం పెట్టరాదని నమోదు చేసింది. అది థియేటర్ల గురించిన తీర్పు. అయినా పార్కుకూ అదే తర్కం నడుస్తుంది. లోపల ఉచితంగా తాగునీటి కుళాయి ఉంటే సీసా ఆపారన్న ఫిర్యాదు నిలబడదు. లేకపోతే రాయండి.

హైదరాబాద్ తిరగనక్కర్లేదు. మీరు నివసించే చోటనే ఫిర్యాదు చేసే వెసులుబాటు 2019 చట్టంలోని సెక్షన్ 34 ఇచ్చింది. టికెట్టు మీద ‘వివాదాలన్నీ ఫలానా కోర్టు పరిధిలోనే’ అని ఉన్నా అది అడ్డు కాదు. కర్నూలు జిల్లా కమిషన్‌కు వెళ్లండి, లేదా ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయండి. మీరు చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, నా వృత్తివాళ్లు ఈ మాటకు నన్ను తిట్టుకున్నా సరే. గడువు ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు.

దానికి ముందు స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల గడువుతో ఒక నోటీసు పంపి, 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి. వేసవి రద్దీ మీదే బతికే వ్యాపారాలకు ఆ తేదీ టికెట్ల లెక్క కమిషన్ ముందు పెట్టడం ఇష్టముండదు. నోటీసులో ఆ పత్రాలు అడిగితే చాలాసార్లు రాజీ అక్కడే కుదురుతుంది. కుదరకపోతే మాత్రం ఓపిక పట్టాలి. చట్టం మూడు నెలల్లో తేల్చాలంటుంది, వాయిదాలు మాత్రం చట్టం మాట వినవు.

ఎంత అడగాలి? టికెట్ల సొమ్ము పూర్తిగా, రుసుముతో సహా. అమ్మాయి వైద్యానికి అయిన ఖర్చు. మానసిక వేదనకు, ఖర్చులకు కలిపి ఒక సమంజసమైన మొత్తం. ఆరు వేల టికెట్టుకు ఐదు లక్షలు అడిగితే మొదటి వాయిదాలోనే కమిషన్‌కు మీ మీద గురి తగ్గుతుంది.

ఉత్తరంతో పాటు పంపిన ఫొటోలు వాట్సాప్‌లోంచి వచ్చినవి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో, తీసిన సమయం వంటి వివరాలు చెరిగిపోతాయి. వాటిని తీసిన ఫోనులో అసలు ఫొటోలు ఉంటాయి కదా, కేసు తేలేదాకా వాటిని తొలగించవద్దు. ఆ ఫోను ఎవరిదైతే వాళ్ల పేరుతోనే, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఫొటోలు ఆ ఫోనులోవేనని చెప్పే ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది.